పన్నెండు రోజులు, ఏడు ఊళ్ళు, 700 యూరోలు: కుదురుతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మేం ముగ్గురు అమ్మాయిలం, జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చదువుతున్నాం. మార్చి సెలవుల్లో 12 రోజులు బ్యాక్‌ప్యాక్‌లు వేసుకుని రైళ్ళలో తిరుగుదామనుకుంటున్నాం. బెర్లిన్, ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, వెనిస్, రోమ్, పారిస్. యూరైల్ పాస్ (చాలా దేశాల రైళ్ళకి ఒకే టికెట్) కొనాలా? హాస్టల్ డార్మిటరీలు అమ్మాయిలకి సేఫేనా? మాలో ఒకరు పూర్తి వెజిటేరియన్. మనిషికి 700 యూరోలు సరిపోతాయా?"

చెల్లీ, పాస్ సంగతి తర్వాత. ముందు ఆ ఏడు ఊళ్ళని మూడు చేయండి. మిగతా ప్రశ్నలన్నిటికీ జవాబు దాన్నిబట్టే ఉంటుంది.

ఊరు మారే రోజు ఎలా గడుస్తుందో లెక్క వేసి చూడండి. హాస్టల్లో పొద్దున పది, పదకొండుకల్లా మంచం ఖాళీ చేయాలి. కొత్త హాస్టల్లో మధ్యాహ్నం రెండో మూడో దాటాకే మంచం ఇస్తారు. మధ్యలో స్టేషన్, నాలుగు గంటల రైలు, మళ్ళీ స్టేషన్, కొత్త ఊళ్ళో మెట్రో టికెట్ ఎక్కడ కొనాలో వెతుక్కోవడం. సాయంత్రం అయిదుకి బయటికి వస్తే మార్చిలో ఇంకో గంటకి చీకటి పడుతుంది. అంటే ఊరు మారిన ప్రతిసారీ ఒక రోజు పోయినట్టే. ఏడు ఊళ్ళంటే తిరుగు ప్రయాణంతో కలిపి ఏడెనిమిది మార్పులు. పైగా రోమ్ నుంచి పారిస్‌కి నేరుగా రైలు లేదు. మిలాన్‌లోనో టూరిన్‌లోనో మారాలి, పగలంతా దానికే సరిపోతుంది. పన్నెండు రోజుల్లో మీకు మిగిలేది నాలుగైదు రోజుల చూడ్డం, బోలెడు స్టేషన్లు.

బెర్లిన్‌ని కూడా ఈ ట్రిప్పులోంచి తీసేయమంటాను. మీ దగ్గర డాయిష్‌లాండ్ టికెట్, అంటే జర్మనీ అంతటా రీజనల్ రైళ్ళలో తిరగనిచ్చే నెలవారీ టికెట్, ఉండే ఉంటుంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై ఇప్పుడు 63కి చేరినా, విద్యార్థులకి సెమిస్టర్ టికెట్‌గా తక్కువలోనే వస్తోంది. మాగ్డెబర్గ్ నుంచి బెర్లిన్‌కి రీజనల్ రైల్లో రెండు గంటల లోపే. ఏ ఆదివారమైనా అదనపు ఖర్చు లేకుండా వెళ్ళి రాగలిగిన ఊరికి సెలవుల్లో హాస్టల్ డబ్బులు ఎందుకు? ఇటలీకి, పారిస్‌కి వేర్వేరు ట్రిప్పులు వేసుకోండి. మిగిలినవి ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్. మూడూ ఒకే రైలు దారిలో వరసగా ఉంటాయి. ప్రాగ్‌లో నాలుగు రాత్రులు, వియన్నాలో మూడు, బుడాపెస్ట్‌లో నాలుగు. పదకొండు రాత్రులు, పన్నెండు రోజులు, సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు పాస్. మీరు కొనాల్సింది అసలు యూరైల్ కాదు. యూరప్ బయట ఉండేవాళ్ళకి యూరైల్, యూరప్‌లో నివాసం ఉన్నవాళ్ళకి ఇంటర్‌రైల్. పాస్‌పోర్టు ఇండియాదే అయినా మీ దగ్గర జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంది కాబట్టి ఇంటర్‌రైల్ కిందికి వస్తారు. రెండూ 33 దేశాల్లో చెల్లుతాయి, రెంటిలోనూ 27 ఏళ్ళ వరకు యూత్ ధర ఉంటుంది. ఇంటర్‌రైల్‌లో ఒక మెలిక ఉంది: మీరుండే దేశంలో దాన్ని రెండు రోజులే వాడగలరు, బయటికి వెళ్ళేటప్పుడు ఒకరోజు, తిరిగి వచ్చేటప్పుడు ఒకరోజు. నెలలో నాలుగు ప్రయాణ రోజులకి దొరికే అతి చిన్న గ్లోబల్ పాస్ (ఆ దేశాలన్నిటిలో చెల్లేది) యూత్ ధరలోనే 200 యూరోలు దాటుతుంది. ఈ దారిలో విడివిడి టికెట్లు ముందుగా కొనుక్కుంటే నాలుగూ కలిపి దాదాపు 130లో అయిపోతాయి. కాబట్టి మీకు పాస్ వద్దు.

మరి పాస్ ఎవరికి లాభం? ఏ రోజు ఎక్కడుంటామో ముందే తేల్చుకోవడం ఇష్టంలేనివాళ్ళకి. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, బెల్జియం, డెన్మార్క్ లాంటి చోట్ల చాలా రైళ్ళు పాస్ చూపించి రిజర్వేషన్ లేకుండా ఎక్కేయొచ్చు. అక్కడ అప్పటికప్పుడు కొనే టికెట్లు మహా ఖరీదు కాబట్టి పాస్ డబ్బులు తిరిగొచ్చేస్తాయి. అదే ఫ్రాన్స్ టీజీవీ, స్పెయిన్ ఏవీఈ, ఇటలీ ఫ్రెచారోస్సా, యూరోస్టార్ లాంటి హైస్పీడ్ రైళ్ళయితే పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి విడిగా కట్టాలి. పాస్ వాళ్ళకిచ్చే సీట్లు కొన్నే, ముందే అయిపోతుంటాయి. పారిస్, బార్సిలోనా, రోమ్ అని పాస్ కొన్నవాళ్ళు ఎక్కువగా గొణుక్కునేది ఇందుకే.

టికెట్ కొనేటప్పుడు ఒకే రైలుని రెండు దేశాల రైల్వే సైట్లలోనూ చూడండి. బెర్లిన్ నుంచి ప్రాగ్ వెళ్ళే రైలుకి డాయిష్ బాన్ (జర్మన్ రైల్వే) సైట్లో ఒక ధర, చెక్ రైల్వే సైట్లో ఒక ధర ఉంటుంది. రైలు అదే, సీటు అదే. చాలాసార్లు చెక్ సైట్లో తక్కువ. వియన్నా, బుడాపెస్ట్ మధ్య ఆస్ట్రియా సైట్‌నీ హంగేరీ సైట్‌నీ అలాగే పోల్చండి. ప్రాగ్, వియన్నా మధ్య రెగియోజెట్ అనే ప్రైవేటు రైళ్ళు కూడా నడుస్తాయి, సీటు రిజర్వేషన్ టికెట్‌లోనే ఉంటుంది. చవక టికెట్లు ఆ ఒక్క రైలుకే చెల్లుతాయని గుర్తుంచుకోండి, రైలు తప్పితే టికెట్ పోయినట్టే.

అలా పోకుండా ఉండాలంటే రైలు మారే ప్రయాణాన్ని ఒకే టికెట్‌గా కొనాలి. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి రైల్లో పంపాల్సిన బాధ్యత వాళ్ళది. రెండు ముక్కలుగా కొంటే ఆ బాధ్యత ఉండదు. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం గమ్యానికి గంట ఆలస్యంగా చేరితే టికెట్‌లో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం తిరిగి అడగొచ్చు, తుఫాను లాంటి కారణాలు కాకపోతే. జర్మనీలో రైళ్ళ ఆలస్యాల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. జర్మనీ దాటే రోజు మారే రెండు రైళ్ళ మధ్య కనీసం 40 నిమిషాలు పెట్టుకోండి.

ప్రాగ్‌కి డ్రెస్డెన్ మీదుగా వెళ్ళండి, సామాను లాకర్లో పడేసి అక్కడ ఓ పూట తిరగండి. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ వెళ్ళే ఈసీ (యూరోసిటీ, దేశాల మధ్య నడిచే ఎక్స్‌ప్రెస్) రైల్లో ఎడమ కిటికీ పట్టుకోండి. బాడ్ షాండావ్ దాటి డెచిన్ దాకా, ఆ పైన కూడా ఎల్బే నది ఎడమ పక్కనే నడుస్తుంది. ఇసుకరాతి కొండలు నిట్టనిలువుగా నదిలోకి దిగినట్టుంటాయి. ఈ మొత్తం ట్రిప్పులో కిటికీ సీటు కోసం పోట్లాడుకోదగ్గ గంట ఇదొక్కటే. చెక్ రైలైతే డైనింగ్ కార్‌లో వేడివేడిగా వండి పెడతారు, ధర కూడా గుండె ఆగేంత ఉండదు. ఇంకా తక్కువలో వెళ్ళాలంటే డాయిష్‌లాండ్ టికెట్ మీద రీజనల్ రైళ్ళలో సరిహద్దు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి చెక్ టికెట్ కొనొచ్చు. కానీ డాయిష్‌లాండ్ టికెట్ ఈసీ రైల్లో చెల్లదు, టైమూ బాగా ఎక్కువ పడుతుంది.

స్టేషన్ల పేర్లు స్థానిక భాషలోనే ఉంటాయి. వియన్నా అంటే బోర్డు మీద వీన్, ప్రాగ్ అంటే ప్రాహా, ప్రధాన స్టేషన్ ప్రాహా హ్లావ్నీ నాద్రాజీ. బుడాపెస్ట్‌లో పెద్ద స్టేషన్లు మూడు: కెలెతి, న్యుగాతి, దేలి. వియన్నా రైళ్ళు మామూలుగా కెలెతికి వెళ్తాయి, కానీ మీ టికెట్ మీద ఏది ఉందో చూసుకునే హాస్టల్ దారి పట్టండి. ప్లాట్‌ఫాం మీద ఏ, బీ, సీ అక్షరాలుంటాయి, మన స్టేషన్లలో కోచ్ పొజిషన్ బోర్డుల్లాంటివే. మీ పెట్టె ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెరమీద చూపిస్తారు. కొన్ని రైళ్ళు మధ్యలో రెండుగా విడిపోయి చెరో ఊరికి వెళ్తాయి, కాబట్టి ఎక్కే పెట్టె తలుపు పక్కన రాసిన ఊరి పేరు ఒకసారి చదవండి.

ప్రాగ్ నుంచి వియన్నా బ్ర్నో మీదుగా దాదాపు నాలుగు గంటలు. అక్కణ్ణుంచి బుడాపెస్ట్ రెండున్నర గంటల పైన, దారి చదునైన పొలాలే, నిద్రపోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు బుడాపెస్ట్ నుంచి బ్రాటిస్లావా, ప్రాగ్ మీదుగా జర్మనీకి పగలంతా పట్టే రైలు ప్రయాణం ఉంది. బయల్దేరాక మొదటి గంటలో డాన్యూబ్ ఒంపు తిరిగే చోట నది ఎడమ పక్క వస్తుంది. రాత్రి రైలు ఎక్కితే ఒక హాస్టల్ రాత్రి మిగులుతుందని అందరూ అంటారు. కూర్చునే సీటు మాత్రం తీసుకోవద్దు, పొద్దున ఎందుకూ పనికిరారు. నాలుగో ఆరో బెర్తులుండే కుషెట్‌లో దుప్పటి, దిండు ఇస్తారు, ఆడవాళ్ళ కంపార్ట్‌మెంట్ కూడా చాలా రైళ్ళలో అడిగి తీసుకోవచ్చు. అయితే కుషెట్ ధర కలిపితే మిగిలేది పెద్దగా ఉండదు.

హాస్టళ్ళ దగ్గరకొద్దాం. మీ ఇళ్ళల్లో అడిగితే చెప్పండి, ఇది నిన్నమొన్నటి పద్ధతి కాదు. రిషార్డ్ షిర్మాన్ అనే బడి పంతులు 1912లో జర్మనీలోని ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ పెట్టారు. కాలినడకన తిరిగే పిల్లలు రాత్రి పడుకోవడానికి చోటు ఉండాలనేది ఆయన ఆలోచన. ఇప్పటి హాస్టళ్ళు చాలా రకాలు. రాత్రంతా పాటలు, తాగుడు ఉండేవి ఒక రకం. కుటుంబాలు, టూరిస్టు గ్రూపులు దిగే పెద్ద చైన్లు ఇంకో రకం. పది పన్నెండు మంచాలతో ఓనరే నడుపుకునే చిన్నవి మరో రకం. మీ ముగ్గురికీ రెండోదో మూడోదో సరిపోతుంది. ఫోటోల్లో మంచాలకంటే బార్ ఎక్కువ కనిపిస్తే మొదటి రకమని అర్థం. బుడాపెస్ట్ ఏడో జిల్లాలో పాత శిథిల భవనాల్లో బార్లు నడుస్తాయి. సాయంత్రం చూడ్డానికి బాగుంటాయి, వాటి పైనో పక్కనో పడుకోవడం మాత్రం కష్టం.

సేఫ్టీకి మీ ముగ్గురూ చేయాల్సింది ఒక్కటే. ఆడవాళ్ళకే కేటాయించిన నాలుగు మంచాల డార్మ్ చూడండి. మూడు మీవే, నాలుగోదాంట్లో ఒక్కరే కొత్తమనిషి. ఇంకా మంచిది, బుక్ చేసే ముందు ముగ్గురి ప్రైవేట్ గది ధర చూసి మూడుతో భాగించండి. మార్చిలో రద్దీ తక్కువ కాబట్టి డార్మ్‌కీ దానికీ మనిషికి అయిదారు యూరోలే తేడా వచ్చే రోజులుంటాయి. అంత తేడాకి ప్రశాంతంగా నిద్రపోవచ్చు. శుక్ర, శనివారాలు ఎక్కడైనా ధర పెరుగుతుంది కాబట్టి ఆ రెండు రాత్రులూ ఖరీదైన వియన్నాలో పడకుండా తేదీలు జరపండి. ఈస్టర్ ఏ వారమో కూడా చూసుకోండి, ప్రాగ్ ఆ రోజుల్లో కిక్కిరిసిపోతుంది.

రివ్యూలు సగటు రేటింగ్ చూసి వదిలేయకండి. కొత్తవి ముందు వచ్చేలా పెట్టి నల్లులు, లాకర్, వేడినీళ్ళు, గోల అనే మాటల కోసం వెతకండి. రెండు నెలల్లో ఇద్దరు నల్లులన్నారంటే ఇంక ఆలోచించొద్దు. గదిలోకి వెళ్ళగానే బ్యాగు మంచం మీద పెట్టకుండా ముందు పరుపు కుట్ల దగ్గర నల్లటి చుక్కలు ఉన్నాయేమో ఫోన్ లైటుతో చూడండి. కనిపిస్తే కిందికెళ్ళి గది మార్చమనండి, మొహమాటపడక్కర్లేదు. చిన్న హాస్టళ్ళలో రాత్రి రిసెప్షన్‌లో మనిషి ఉండరు, తలుపు కోడ్ ముందే మెయిల్లో పంపుతారు. రైలు రాత్రి తొమ్మిది తర్వాత చేరేదైతే ఈ ఒక్క విషయం తప్పకుండా అడిగి పెట్టుకోండి.

తాళం కప్ప మీదే తీసుకెళ్ళండి, లాకర్ ఉంటుంది కానీ తాళం అద్దెకిస్తారు. టవల్ కూడా అంతే. దుప్పటి, దిండు మామూలుగా ధరలోనే ఉంటాయి. బాత్రూంకి హవాయి చెప్పులు, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్‌లు, ఒక పెద్ద కాటన్ చున్నీ. కింది మంచం దొరికితే చున్నీని పైమంచం పరుపు కింద దోపి వదిలితే తెర అవుతుంది, లోపల బట్టలు మార్చుకోవచ్చు. ఖాళీ నీళ్ళ సీసా ఒకటి, దేనికో మీకు తెలుసు, అక్కడ మగ్గులుండవు. పాస్‌పోర్టు లాకర్లో కాకుండా ఒంటి మీదే ఉంచుకోండి. మంచం బుక్ చేసిన డబ్బుతోపాటు చాలాచోట్ల సిటీ టాక్స్ అని రాత్రికి ఇంత అక్కడే కట్టించుకుంటారు, కంగారు పడకండి.

తిండి విషయంలో హాస్టల్ వంటగదే మీకు దిక్కు. బియ్యం, పప్పు వండుకోండి, కానీ నూనె పొగలొచ్చేలా కాచి ఎండుమిరపకాయల తాలింపు మాత్రం పెట్టొద్దు. పొగ అలారం మోగితే బిల్డింగంతా రోడ్డు మీదికొస్తుంది, ఫైరింజన్ ఖర్చు కట్టమనే హాస్టళ్ళూ ఉన్నాయి. కందిపొడి, గోంగూర పొడి లాంటివి పట్టుకెళ్తే చాలు. నూనె కారే ఆవకాయ సీసా బ్యాక్‌ప్యాక్‌లో పెట్టొద్దని ప్రత్యేకంగా చెప్పాలా? బయట తినేటప్పుడు వెజిటేరియన్ అమ్మాయి చెక్, హంగేరీల్లో కాస్త జాగ్రత్తగా ఉండాలి. కూరగాయల సూప్ కూడా మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు, వేపుళ్ళకి పందికొవ్వు వాడే చోట్లున్నాయి, అడగాలి. ప్రాగ్‌లో స్మాజెనీ సీర్ అని చీజ్‌ని పిండిలో దొర్లించి వేయించి పెడతారు. బుడాపెస్ట్‌లో లాంగోష్ అని నూనెలో వేయించిన పెద్ద రొట్టె, పైన వెల్లుల్లి, పుల్లటి క్రీము, చీజ్. కడుపు నిండుతుంది, మనవాళ్ళకి నచ్చుతుంది. వియన్నాలో కుళాయి నీళ్ళు ఆల్ప్స్ ఊటల నుంచి గొట్టాల్లో వస్తాయి, మొదటి లైను 1873 నాటిది. నీళ్ళ సీసా కొనడం దండగ. జర్మనీలోలాగే ఆస్ట్రియాలోనూ ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలోవి తప్ప.

700 యూరోలు సరిపోతాయి, మూడు ఊళ్ళయితే. రైళ్ళకి 130, పదకొండు రాత్రులకి 300 దాకా, రోజుకి 13, 14 యూరోల్లో తిండికి 160, ఊళ్ళో మెట్రో ట్రాములకి 45, చూసేవాటికి 60. దగ్గర దగ్గర 700. వియన్నాలో షోన్‌బ్రున్ రాజభవనం లోపలికి టికెట్ ఎక్కువే కానీ తోటలకి ప్రవేశం ఉచితం, ఒపేరాకి నించుని చూసే టికెట్లు చవగ్గా దొరుకుతాయి. బుడాపెస్ట్‌లో 1913 నాటి సెచెన్యి వేడినీళ్ళ స్నానాలకి వెళ్ళాలనుంటే దాని టికెట్ హాస్టల్ ఒక రాత్రి అద్దెకి తగ్గదు, కాబట్టి అది విడిగా పెట్టుకోండి. అక్కడి ఒకటో నంబర్ మెట్రో మాత్రం ఎక్కండి, 1896లో మొదలైంది, చిన్న బొమ్మరైల్లా ఉంటుంది. ఎక్కేముందు కాగితం టికెట్ మిషన్లో పెట్టి ముద్ర వేయించాలి. ప్రాగ్‌లోనూ అంతే. ముద్ర లేని టికెట్ చేతిలో ఉన్నా జరిమానా వేస్తారు, విద్యార్థులమన్నా వదలరు.

చెక్‌లో కొరునా, హంగేరీలో ఫోరింట్. కార్డు దాదాపు అంతటా నడుస్తుంది. మిషన్ "యూరోల్లో కట్టమంటారా, స్థానిక కరెన్సీలోనా" అని అడిగితే ఎప్పుడూ స్థానిక కరెన్సీయే నొక్కండి. యూరోలు నొక్కితే మారకం రేటు వాళ్ళ ఇష్టం.

కాగితాలు: అసలు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ ఉండాలి, ఫోటోలు చెల్లవు. షెంగెన్ (మధ్యలో మామూలుగా సరిహద్దు తనిఖీలుండని యూరప్ దేశాలు) లోపలే కదా ఎవరు చూస్తారు అనుకోవద్దు. జర్మనీ 2024 సెప్టెంబర్ నుంచి అన్ని భూ సరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది, తిరిగొచ్చే రైల్లో డ్రెస్డెన్‌కి ముందు పోలీసులు ఎక్కుతుంటారు. మీలో ఎవరికైనా కార్డు ఇంకా రాక, తాత్కాలిక కాగితం మీద ఉంటే, దానితో దేశం దాటి మళ్ళీ రావచ్చో లేదో ఫారినర్స్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగాకే టికెట్ కొనండి. అన్ని రకాల కాగితాలకీ ఆ వీలు లేదు. ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ అయితే మీ కార్డు వెనకవైపు యూరోపియన్ కార్డు ఉంటుంది, ఈ మూడు దేశాల్లోనూ అత్యవసర వైద్యానికి పనికొస్తుంది.

ముందు రైళ్ళు కొనండి, చవక టికెట్లు ముందే అయిపోతాయి. హాస్టళ్ళు ఉచితంగా క్యాన్సిల్ చేసే వీలున్నవి ఇవాళే పట్టి పెట్టుకోండి, తర్వాత తక్కువకి దొరికితే మార్చుకోవచ్చు. తిరుగు ప్రయాణం మార్చి ఆఖరి ఆదివారం పొద్దున పడకుండా చూసుకోండి, శనివారం అర్ధరాత్రి దాటాక రెండింటికి గడియారాలు గంట ముందుకి జరుపుతారు. అదే రోజు కుదిరితే మాత్రం చేతి గడియారం చూసి కాకుండా ఫోన్ టైము చూసి స్టేషన్‌కి బయల్దేరండి.